దేనికి ఔను, దేనికి కాదు

మా అమ్మాయి ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే, ఔను కాదు అని రాసే ఉద్యోగం అని చెబుతాను. అట్లా చెప్పి పరువు తీయొద్దని అది నాతో గొడవకు దిగుతుంది. ఏం చేయను, నేను కళ్ళతో చూసింది అదే. మదనపల్లెలో చెప్పుల అంగడి పైన మేడ మీద వాళ్ళ ఆఫీసు. ఏసీ పెట్టుకుని, తలుపులు బిగించుకుని, చదువుకున్న పిల్లలు పొద్దస్తమానం ట్రూ, ఫాల్స్ అని టకటకా కొడుతూ ఉంటారు. ట్రూ అంటే ఔను. ఫాల్స్ అంటే కాదు. ఇంత మాత్రానికి నాలుగేళ్ళ చదువు, దాని పైన మళ్ళీ ట్రైనింగ్. మా అత్త ఏ బడికీ పోలేదు, ఆ రెండో మాట ఒక్కదానితోనే జీవితమంతా ఇల్లు నడిపింది.

నేను చదివింది రెండో తరగతి. సంతకం పెడతాను, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అక్కడితో సరి. ఇప్పుడు కూడా నేను నోటితో చెబుతుంటే అమ్మాయి రాస్తోంది. నా మాట తీరును పుస్తకం తీరుకు తిప్పుతోంది. తిట్లు వచ్చిన చోట దాని చెయ్యి ఆగుతోంది. రాయమని కసురుతున్నాను. రాసిందో లేదో నాకెట్లా తెలుస్తుంది?

మాది పుంగనూరు. మా ఆయన పోయాక బావగారి ఇంట్లోనే ఉన్నాను, అంటే ఆయన అన్న ఇంట్లో. బావ పశువుల సంతలో దళారి. సంతలో బేరం ఎట్లా చేస్తారో చూసినవాళ్ళకు తెలుసు. ఇద్దరి చేతుల మీద ఒక టవలు కప్పుతారు. కింద వేళ్ళు పట్టుకుని నొక్కుతారు. ఏ వేలు నొక్కితే ఏం అర్థమో ఆయనకు తెలుసు, ఎదుటివాడికి తెలుసు. పక్కన నిలబడిన ఎద్దుకు తెలియదు. అమ్ముడుపోయేది మాత్రం అదే.

మా ఆయన కర్మకాండ అయిన కొన్నాళ్ళకు పెద్దవాళ్ళు నలుగురు కూర్చుని నన్ను పిలిచారు. "పిల్ల సంగతి మేం సూసుకుంటాం, సరేనా?" అని బావ అడిగాడు. ఎంత మంచివాళ్ళు అనుకుని తల ఊపాను. సూసుకోవడం అంటే పిల్లను ఇంటర్‌తో మాన్పించి, తోడికోడలి చీరల అంగట్లో మడతలు పెట్టడానికి కూర్చోబెట్టడమట. అదేంటని అడిగితే, "ఆ పొద్దు తల ఊపినావు గదా, నలుగురూ సూసినారు" అన్నాడు. నిజమే, తల ఊపాను. దేనికి ఊపానో ఎవరు చూశారు?

పిల్లను తీసుకుని మదనపల్లె వచ్చేశాను. అంగళ్ళు అనే ఊరి దగ్గర ఇంజనీరింగ్ చదివే పిల్లల హాస్టల్లో దోసెలు పోసే పని దొరికింది. నేను పెనం ముందు నిలబడితే అది పుస్తకాల ముందు కూర్చుంది. చదువు అయింది, ఈ మేడ మీద ఆఫీసులో తీసుకున్నారు. అయితే గట్టి ఉద్యోగం కాదు, పని చూసి ఆ తర్వాత ఉంచుకుంటామన్నారు. ఉంచుకోకపోతే నా దోసెల మీద టౌనులో గది నిలబడదు. మళ్ళీ పుంగనూరు, మళ్ళీ బావ ఇల్లు. ఆ గడప తొక్కకుండా ఉండటం కోసం నేను ఏ రాయికైనా మొక్కేదాన్ని ఆ రోజుల్లో.

ఒక సాయంత్రం నేను పిండి రుబ్బుతుంటే అది ఫోనులో ఎవరితోనో "ట్రూ, ట్రూ, ఫాల్స్" అని మళ్ళీ మళ్ళీ చెబుతోంది. ఫోను పెట్టాక అడిగాను.

"ఏందే అది, అయ్యవారు తద్దినం పెట్టినట్ల?"

"డబ్బామా. తెర మీద చిన్న డబ్బా వస్తాది సూడు, సరేనా అని అడిగేది. దాన్ని పిలవాలంటే ఒక లైను రాయాల. లైను చివర ట్రూలు, ఫాల్సులు పెట్టాల."

"పిలిస్తే వచ్చేదానికి ఈ ఔను కాదు యాల?"

"అది ఎట్ల రావాలో చెప్పద్దా? మూసేదానికి మూలలో గుర్తు ఉండాల్నా? ఔను. డబ్బా ఉండంగా వెనక ఉండే బటన్లు పని చెయ్యాల్నా? ఔను. శబ్దం రావాల్నా? వద్దు. అదే ట్రూ, ట్రూ, ఫాల్స్."

"ఆ ప్రశ్నలన్నీ లైన్లో ఉండాయా?"

"లేవుమా. అవి వేరే చోట ఉండాయి. ఈడ జవాబులే."

రుబ్బేది ఆపాను. "ప్రశ్నలు పలమనేరులో, జవాబులు పుంగనూర్లోనా? మధ్యలో బస్సు తప్పిపోతే?"

అది నవ్వింది. తర్వాత నవ్వు తగ్గించి, "నేను కూడా అదే అంటాండాను, ఎవరూ వినరు" అంది. నాకు టవలు కింద నొక్కిన వేళ్ళు గుర్తుకొచ్చాయి. చదువుకున్నవాళ్ళు కూడా టవలు కప్పుకునే పని చేస్తారని అంతవరకూ తెలియదు.

అప్పుడు వాళ్ళ ఆఫీసుకు వచ్చిన పెద్ద పని కుప్పంలో ఒక పాల కంపెనీది. ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు క్యాన్లతో పాలు తెచ్చి పోస్తారు. అక్కడ గోడకు ఒక తెర పెడతారు. పాలు పోసే మనిషి తన బొమ్మ మీద వేలు పెట్టాలి, పచ్చది నొక్కాలి, పాల కొలత తెర మీదికి వస్తుంది. చదువు రానివాళ్ళు కూడా వాడొచ్చని పాల కంపెనీ యజమానికి ఆఫీసు సారు మాట ఇచ్చాడు. కుప్పం పని బాగా జరిగితే అమ్మాయిని ఉంచుకుంటామని కూడా చెప్పాడు. సారుకు మాటలు ఇవ్వడం బాగా వచ్చు.

మాట ఇచ్చాక ఆయనకు ఒక చిక్కు వచ్చిపడింది. చదువు రాని మనిషి ఒకరు కావాలి, ప్రారంభం రోజు నలుగురి ముందు నొక్కి చూపించడానికి. మేడ మీద అంతా డిగ్రీలవాళ్ళే. ఊడ్చే అమ్మాయి కూడా ఇంటర్ పాసయింది. వెతికి వెతికి మా అమ్మాయిని అడిగాడట, "మీ ఇంట్లో ఎవరైనా చదువురాని వాళ్ళు ఉన్నారా?" అని. బంగారం ఉందా అని అడిగినంత ఆశగా అడిగాడట.

అట్లా నేను ఆఫీసుకు వెళ్ళాను. సారు కుర్చీలోంచి లేచి మరీ దండం పెట్టాడు.

"అమ్మా, మీరు కొంచెం పల్లెటూరి మనిషిలా కనపడాలి."

"ఇప్పుడు యాడి మనిషి మాదిరి కనపడతాండాను సార్?"

ఆయన నా చీర వైపు చూశాడు. ఆఫీసుకని పండగ చీర కట్టుకుని వెళ్ళాను. "ఇది వద్దు. రోజూ కట్టేది ముతక చీర ఉంటుంది కదా, అది" అన్నాడు. నా బతుకులో మంచి చీర విప్పి పాత చీర కట్టుకోమని చెప్పిన మొదటి మనిషి ఆయనే.

నా బొమ్మ కూడా తెరలోకి ఎక్కించి, నొక్కడం నేర్పించారు. బొమ్మ మీద వేలు, తర్వాత పచ్చ. తప్పు బొమ్మ అయితే ఎర్ర. ఇందులో నేర్చుకోవడానికి ఏముంది, పెనం కాలిందో లేదో వేలితో చూసుకునేదాన్ని. అయినా నేను నొక్కిన ప్రతిసారీ సారు చప్పట్లు కొట్టాడు. కోతి గంట కొట్టినప్పుడు సంతలో అట్లాగే కొడతారు.

అక్కడ కూర్చున్నప్పుడే వాళ్ళ సీనియర్ సారును చూశాను. గడ్డం దువ్వుకునే మనిషి. మాట్లాడితే తన మాట తనకే ముద్దొచ్చినట్టు కళ్ళు మూసుకుంటాడు. మా అమ్మాయి ఆయన పక్కకు వెళ్ళి మెల్లగా అడిగింది.

"సార్, ఈ ట్రూ ఫాల్స్ బదులు మాటలే రాస్తే? మూసే గుర్తు చూపించు, వెనక పని ఆపొద్దు, అని. చదివినోళ్ళకు అక్కడే తెలుస్తాది."

"లైను పొడుగవుతుంది" అన్నాడాయన కళ్ళు మూసుకుని.

"పొడుగైతే ఏమి సార్?"

"చూడ్డానికి నీటుగా ఉండదు. లోకమంతా ట్రూ ఫాల్స్ తోనే నడుస్తాంది, నీకొక్కదానికే అర్థం గాలేదా?"

అది వెనక్కి వచ్చి కూర్చుంది. ఉంచుకుంటారో లేదో తెలియని ఉద్యోగంలో మనిషి అంతకంటే ఏం చేస్తుంది? నేను తెర మీద పచ్చది ఒకసారి గట్టిగా నొక్కాను. సారు చప్పట్లు కొట్టాడు.

ప్రారంభం రోజు తెల్లారే వ్యానులో బయలుదేరాం. సారు, సీనియర్, మా అమ్మాయి, నేను, నా ముతక చీర. దారి పుంగనూరు మీదుగానే. సంత మైదానం వచ్చేసరికి కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. దాని అరచెయ్యి తడిగా ఉంది.

"అంతా సరిగ్గా ఉండాదా?" అని అడిగాను.

"రాత్రి సీనియర్ సారు ఏవో కొన్ని మార్చినాడంట. బాగు చేసినా అన్నాడు" అంది.

కుప్పంలో పాల కేంద్రం ముందు మామిడాకులు కట్టారు. ఆడవాళ్ళు క్యాన్లతో వరుసలో నిలబడి ఉన్నారు. అక్కడి మాటలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసి పారుతాయి. "సీక్రం కానీయండప్పా, ఎండ ఎక్కితే పాలు నిలవవు" అని ముందు నుంచే అంటున్నారు. యజమాని పంచె కట్టుకుని వచ్చాడు, మంచిగానే ఉన్నాడు మనిషి. ఆయన వెంట మేనేజరు. మేనేజరు నన్ను కింది నుంచి పైకి చూశాడు. నుదుటి దగ్గర చూపు ఆగింది. సారును పక్కకు పిలిచి చెవిలో చెప్పాడు. చెవిలో చెప్పే మాట వినడం ఆడవాళ్ళకు పుట్టుకతో వస్తుంది.

"శుభమా అని మొదలుపెడతా, ఈయమ్మ చేత నొక్కిస్తారా?"

సారుకు అప్పుడు గుర్తొచ్చింది. చదువు లేని మనిషి కోసం వెతికి తెచ్చాడు కానీ, ఆ మనిషికి మొగుడు కూడా లేడన్న సంగతి ఆయన లెక్కలో లేదు. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, చిన్న బొట్టు పెట్టుకుంటారా? ఫొటో వరకే."

"ఫొటో అయినాక తుడుసుకోవాల్నా సార్, ఉంచుకోవాల్నా?"

ఆయన మళ్ళీ మేనేజరు దగ్గరికి పోయాడు. చివరికి వాళ్ళే ఒక మార్గం కనిపెట్టారు. యజమాని టెంకాయ కొడతాడు, దీపం వెలిగిస్తాడు, అంటే శుభం మొదలైపోయినట్టే, ఆ తర్వాత నేను నొక్కితే దోషం తగలదు. దేవుడిని కూడా వరుస మార్చి మోసం చేయొచ్చని ఆ రోజు తెలుసుకున్నాను.

టెంకాయ కొట్టారు. దీపం వెలిగింది. సారు నా భుజం దగ్గర నిలబడి, "చదువు లేని ఒక సామాన్య మహిళ, ఇప్పుడు మీ కళ్ళ ముందు" అని మొదలుపెట్టాడు. తెర వెలిగింది. మధ్యలో పెద్ద డబ్బా వచ్చింది, పూల బొమ్మలతో. 'స్వాగతం' అని రాసి ఉంది. ఆ మాట నేను చదవగలను, పెళ్ళిళ్ళలో గుమ్మాల మీద చూసి నేర్చుకున్నాను.

డబ్బా మూలలో మూసే గుర్తు ఉండాలి. లేదు. సరే, డబ్బా పక్కన నా బొమ్మ కనిపిస్తోంది కదా అని దాని మీద వేలు పెట్టాను. కదలలేదు. పచ్చది నొక్కాను. కదలలేదు. స్వాగతం మాత్రం నవ్వుతూ నిలబడే ఉంది.

"నొక్కండమ్మా" అన్నాడు సారు.

"నొక్కతానే ఉండాను సార్."

మా బంధువుల్లో కొంతమంది ఉన్నారు, రండి రండి అని నోరారా పిలుస్తారు, గడపకు అడ్డంగా మాత్రం తొలగరు. ఆ డబ్బా సరిగ్గా వాళ్ళ రకం. ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టారు. మళ్ళీ స్వాగతం. సారు తన వేలితో నొక్కాడు, సీనియర్ రెండు వేళ్ళతో నొక్కాడు, యజమాని బొటనవేలితో నొక్కాడు. స్వాగతం అందరినీ సమానంగా చూసింది.

వరుసలో నవ్వులు మొదలయ్యాయి. "ఏమ్మా, పాలు పొయ్యాల్నా, పూజ చెయ్యాల్నా దానికి?" అని ఒకావిడ. "వచ్చినోళ్ళను లోపలికి రానీకుండా స్వాగతం చెప్పేది ఇదే సూస్తాండాను" అని ఇంకొకావిడ. ఎండ క్యాన్ల మీదికి జరుగుతోంది.

సారు ముఖం నల్లబడింది. నా వైపు తిరిగి, ఎంతో మెత్తగా అడిగాడు.

"అమ్మా, మొదట నొక్కింది మీరే కదా?"

"నేనే సార్."

వెంటనే యజమాని వైపు తిరిగాడు. "చూశారు కదా సార్, ఆమే ఒప్పుకుంటున్నారు. చదువు లేని మనిషి, ఎక్కడో తప్పు నొక్కేశారు. సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు."

అప్పుడు మనసులో అనుకున్నది చెబుతాను. తప్పు నాదైతే సారు ఒడ్డున పడతాడు. సారు ఒడ్డున పడితే పిల్ల ఉద్యోగం నిలుస్తుంది. చదువు లేనిదాన్ని అనిపించుకోవడం నాకేమన్నా కొత్తా, ఉన్నమాటే కదా. పుంగనూరు గడప తొక్కకుండా ఉండటానికి ఇంత చౌకగా ఇంకేం దొరుకుతుంది? తల వంచుకుని నిలబడ్డాను.

అంతటితో అయిపోయేది. మేనేజరు ఊరుకుంటే కదా. యజమానితో, ఈసారి చెవిలో కాదు, అందరికీ వినపడేట్టే అన్నాడు.

"నేను ముందే చెప్పినాను గదా సార్. మొగుడు లేని చెయ్యి పడితే ఇట్లనే అవుతాది."

మా అమ్మాయి వెనక నిలబడి ఉంది, లాప్‌టాప్ గుండెలకు పట్టుకుని. అది ముందుకు రావడం నేను చూశాను. వద్దని కళ్ళతో చెప్పాను. చిన్నప్పటి నుంచీ దానికి నా కళ్ళు చదవడం వచ్చు, ఆ రోజు చదవనట్టు నటించింది.

"మా అమ్మ చెయ్యి కాదు సార్. నా లైను."

సారు దాని వైపు చూసిన చూపుకు పాలు విరగాల్సింది. "నువ్వు ఊరుకో."

"మా అమ్మ తప్పు నొక్కలేదు. మీరడిగింది నొక్కినావా అని. తప్పు నొక్కినావా అని అడగలేదు. ప్రశ్న ఒకటి అడిగి జవాబును వేరేదానికి తగిలిస్తాండారు."

"నీకు ఉద్యోగం ఉండాల్నా వద్దా?"

కోపం వస్తే సారుకు కూడా మా ఊరి మాటే వస్తుందని అప్పుడు తెలిసింది. అమ్మాయి ఆగలేదు. యజమాని వైపు తిరిగి చెప్పింది.

"ఆ డబ్బాను పిలిచే లైను నేనే రాసినాను సార్. మూసే గుర్తు చూపించాల్నా అని ప్రశ్న ఉండె, ఔను అని పెట్టినాను. వెనక బటన్లు పని చెయ్యాల్నా అని ఉండె, ఔను అని పెట్టినాను. రాత్రి ఆ ప్రశ్నలను తిప్పినారు. గుర్తు దాచాల్నా అని ఒకటి, వెనక పని ఆపాల్నా అని ఒకటి. నా ఔనులు ఉన్నచోటే ఉండిపోయినాయి. దాచమంటే దాచింది, ఆపమంటే ఆపింది. కంప్యూటరుకు ఔను ఉంటే చాలు, దేనికని అడగదు."

యజమాని, "తిప్పింది ఎవురు పాపా?" అని అడిగాడు.

సీనియర్ సారుకు అప్పుడే ఫోను వచ్చింది. మోగని ఫోనును చెవికి పెట్టుకుని పక్కకు నడిచాడు.

"ఎవురు తిప్పినా లైను నాదే, నేను చూసుకోవాల్సింది. ఇప్పుడే మారుస్తాను" అంది అమ్మాయి. అక్కడే నేల మీద, పాల క్యాన్ల పక్కన చతికిలబడి లాప్‌టాప్ తెరిచింది. నేను పక్కన కూర్చుని కొంగుతో గాలి విసిరాను. నాకు చేతనైన సాఫ్ట్‌వేర్ అదే.

కాసేపటికి రెండు ఔనులూ కాదు అయినాయి. తెర మీద స్వాగతం మూలకు చిన్న గుర్తు మొలిచింది. ఆడవాళ్ళు ఓ అని అరిచారు.

"రామ్మా, ఎవరన్నా ముత్తైదువ వచ్చి నొక్కండి" అన్నాడు మేనేజరు, వరుస వైపు చూసి. ఇంత జరిగినా ఆయనకు ఆ దిగులు తీరలేదు.

వరుసలో ముందు ఒక ముసలామె ఉంది. నలుపు, పొట్టి, కాళ్ళకు చెప్పుల్లేవు, నుదుట బొట్టు లేదు. క్యాను కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏమప్పా మేనేజరూ, ఇన్నేండ్లుగా రోజూ పాలు పిండి తెస్తాండేది ఏ చెయ్యి? మా ఆయన పొయ్యి ఎంత కాలమాయె. ఈ చేత్తో పిండిన పాలే గదా పొద్దున్నే మీ ఇంట్లో కాఫీకి పోయేది? అవి తాగేటప్పుడు నీకు ఏమీ కాలేదే?"

"అది కాదమ్మా, నేను చెప్పేది..."

"నువ్వు చెప్పేది అందరూ ఇన్నారు. ఆయమ్మనే నొక్కనీ. ఇప్పుడు ఇంకొకరు నొక్కి అది పని చేసిందనుకో, ఇందాకటి పాపం ఆయమ్మ చెయ్యిదే అయిపోతాది గదా. నొక్కు తల్లీ, నొక్కు. మా పాలు ఇరిగిపోతాండాయి."

యజమాని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వాపుకోవడానికో, సిగ్గుకో తెలియదు. "నొక్కమ్మా" అన్నాడు.

లేచాను. మూలలో గుర్తు మీద వేలు పెట్టాను. స్వాగతం తొలగింది. బొమ్మ, పచ్చ. కొలత వచ్చింది. ఈసారి సారు చప్పట్లు కొట్టలేదు, వరుస కొట్టింది.

తిరుగుదారిలో పలమనేరు దాటాక సారు అన్నాడు, "మీ అమ్మ సర్దుకున్న విషయాన్ని నువ్వు ఎందుకు కెలికినావో నాకు అర్థం గాలేదు" అని. ఇంటికొచ్చాక నేను కూడా దాన్ని తిట్టాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"నేను మింగినాను గదే. నువ్వు యాల కక్కినావు? రేపు ఉద్యోగం పోతే పెద్దనాయన ఇంటికి పోతావా, చీరలు మడత పెడతావా?"

"పెడతానుమా. నీ చెయ్యి మంచిది కాదని నా లైను వల్ల అనిపించుకుని, ఆ ఉద్యోగం చేసేదాని కన్నా అదే నయం."

ఆ పొద్దు ఇద్దరం తినలేదు. పిండి పులిసిపోయింది.

మరుసటి రోజు సారు దాన్ని పిలిపించాడు. పాల కంపెనీ నుంచి ఫోను వచ్చిందట. తెర అలవాటయ్యే దాకా, అది మళ్ళీ మొండికేస్తే చూడటానికి ఒక మనిషి కుప్పంలోనే ఉండాలి అన్నారట. సీనియర్‌ను పొమ్మంటే ఆయనకు ఉన్నట్టుండి నడుము నొప్పి వచ్చింది. ఇంకెవరూ మదనపల్లె వదలడానికి ఒప్పుకోలేదు. కాబట్టి సారు మా అమ్మాయిని మంచిదానిగా చూసి పిలిచాడని ఎవరూ అనుకోవద్దు. మిగిలింది అదే.

"ఉద్యోగం కావాలా వద్దా? ఒక్క మాట చెప్పు" అన్నాడట.

"గట్టి ఉద్యోగమా సార్, మళ్ళీ చూస్తామనేదా? కుప్పంలో ఎన్నాళ్ళు? ఎవరి కింద? నా లైన్లు నేను మాటలతో రాసుకోవచ్చునా, మీ ట్రూ ఫాల్సులేనా?" అని ఇది అడిగిందట.

"అబ్బా, ఔనంటే ఔను, కాదంటే కాదు అనమ్మా."

"ఇవన్నీ చెప్తే అప్పుడంటాను సార్."

పళ్ళు కొరుక్కుంటూ అన్నిటికీ జవాబు చెప్పాడట. గట్టి ఉద్యోగమే. మాటలతోనే రాసుకో, ఎవరు చూడొచ్చారు అన్నాడట. అప్పుడు ఇది ఔను అంది.

ఇంటికొచ్చి నన్ను అడిగింది, "కుప్పం వస్తావామా?" అని. వస్తానన్నాను. హాస్టల్లో పని మానేసి వస్తాను, అక్కడ వేరే పెనం వెతుక్కుంటాను, కానీ నిన్ను పుంగనూరు పంపను, నేనూ పోను, అని మొత్తం చెప్పాను. ఇదంతా యాలమా, వస్తానంటే చాలదా అంది. చాలదు అన్నాను.

కుప్పంలో రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఒక ఇల్లు చూడటానికి పోయాం. ఇంటామె గుమ్మంలోనే నిలబెట్టి అడగడం మొదలుపెట్టింది. మాంసం వండుతారా లేదా? నీళ్ళు ఎక్కువ వాడతారా లేదా? మగోళ్ళు ఉండారా లేదా?

నేను మొదటి నుంచి ఎత్తుకున్నాను. ఆదివారం కోడి వండుతాం, తక్కిన దినాలు పప్పే. నీళ్ళు ఇద్దరికి ఎంతో అంతే, గుడ్డలు మాత్రం రోజూ ఉతుకుతాం. మగోళ్ళు లేరు, మా ఆయన పోయినాడు, బావ ఉండాడు గానీ ఆయన రాడు, వచ్చినా నేను తలుపు తీయను.

ఆమె నోరు తెరుచుకుని విన్నది. "నేనడిగింది ఉండారా లేరా అని. నువ్వు హరికథ చెప్తాండావే!"

"ఒక్క మాట చెప్తే తర్వాత నువ్వు దాన్ని దేనికన్నా తగిలించుకుంటావు తల్లీ. ఇప్పుడైతే నీకు సాకు ఉండదు."

ఆమె పమిట సర్దుకుని పక్కకు తొలగింది, లోపలికి పోయి చూసుకోమని. వంటగది చిన్నది, కిటికీ పట్టాల వైపు ఉంది. అమ్మాయి కొళాయి తిప్పి, నీళ్ళు వస్తాయా అని ఆమెను అడిగింది. ఆమె "వస్తాయి" అంది. "ఎన్ని గంటలకు, ఎంత సేపు?" అని అడిగాం ఇద్దరం, ఒక్కసారే.